ఆరువేల నూట ఇరవై ఎనిమిది పోగులు

సూరత్ నగరం లింబాయత్‌లోని తెలుగు గల్లీలో రాజలింగాన్ని అందరూ లెక్క రాజలింగం అంటారు. అలాగని అతను పెద్ద చదువులు చదివినవాడేమీ కాదు. సిరిసిల్ల పక్క ఊళ్ళో ఐదో తరగతి దాకా చదివాడు, ఆరో తరగతి పుస్తకాలు కొనకముందే మరమగ్గాల పాలయ్యాడు, ఇరవై ఏళ్ళకు సూరత్ రైలెక్కాడు. ఇప్పుడు యాభై రెండేళ్ళు. ఈ ముప్పై రెండేళ్ళూ అతను చేసిన పని ఒక్కటే. కార్ఖానాకు కొత్త బీము వచ్చినప్పుడల్లా దానికి చుట్టి ఉన్న పడుగు పోగులన్నిటినీ ఒక్కొక్కటిగా మగ్గం తీగ కళ్ళలోంచి లాగడం.

చెప్పడానికి ఒక్క ముక్కే, చెయ్యాలంటే నడుము విరుగుతుంది. వెనక కూర్చున్నవాడు పోగు ఏరి అందిస్తాడు. ముందు కూర్చున్నవాడు సన్నటి కొక్కేన్ని తీగ కంట్లోంచి దూర్చి ఆ పోగును ఇవతలికి లాగుతాడు. పదహారు పోగులకు ఒక గుత్తి కట్టి వదులుగా ముడి వేస్తారు. వరసలో ఎక్కడైనా ఒక్క పోగు తప్పిందా, ఆ తర్వాత లాగినవన్నీ తప్పు కళ్ళలో పడతాయి, చీర పొడవునా గీత తేలుతుంది. ఆ గీతను చూసిన సేటు గుజరాతీలో తిట్లు మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు.

అందుకే ఆ పని చేసేవాళ్ళు మగ్గం చట్రం మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటారు. రాజలింగం ఏనాడూ గీయలేదు. ఎన్నో గుత్తి, గుత్తిలో ఎన్నో పోగు అన్న రెండు అంకెలూ తలలో పెట్టుకుని, వెనక కూర్చున్న నర్సింగంతో లోకంలోని ముచ్చట్లన్నీ చెబుతూ, మధ్యలో లేచి బీడీ కాల్చుకుని వచ్చి, మళ్ళీ సరిగ్గా అక్కడినుంచే అందుకునేవాడు. ఆ విషయంలో అతనికి కాస్త గర్వం కూడా ఉండేది. మనిషన్నవాడికి ఏదో ఒక గర్వం లేకపోతే రోజుకు పది గంటలు కూర్చుని తీగ కళ్ళలోకి ఎలా చూస్తాడు?

రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్‌లో, ఊరంతా ఆక్సిజన్ కోసం పరుగులు పెడుతున్న రోజుల్లో, అతనికి జ్వరం తగిలింది. తెలుగు సంఘం వాళ్ళు పెళ్ళిళ్ళ హాలులో వేసిన మంచాల మీద పన్నెండు రోజులు పడి ఉన్నాడు. పక్క మంచం మీద మనిషి రెండుసార్లు మారాడు. ఎందుకు మారాడని రాజలింగం ఎవరినీ అడగలేదు. పదమూడో రోజున భార్య స్వరాజ్యం, కూతురు విజేత చెరొక రెక్కా పట్టుకుని మూడో అంతస్తులోని గదికి ఎక్కించారు. బతికి బయటపడ్డాడు, అది చాలనుకున్నారు వాళ్ళిద్దరూ.

చాలదని అతనికి ఒక్కడికే తెలుసు.

స్వరాజ్యం ఇంట్లో కూర్చుని చీరల మీద మెరుపు రాళ్ళు అతికిస్తుంది. ఇంటికొచ్చిన వారం తర్వాత, ఒక పొద్దుటిపూట, ఆమె ఒళ్ళో ఉన్న చీర కొంగు మీది రాళ్ళను రాజలింగం ఊరికే లెక్కపెట్టాడు. రెండువందల పన్నెండు. ఎందుకో అనుమానం వచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. రెండువందల తొమ్మిది. మూడోసారి, వేలు పెట్టి చూపించుకుంటూ లెక్కపెడితే రెండువందల పద్నాలుగు. నూట యాభై దాటేసరికి అంకె చేతిలోంచి జారిపోతోంది. తర్వాతది ఏదో తోచదు, తోచినది సరైనదో కాదో నమ్మకం లేదు.

"ఏందయ్యా, గట్ల చూస్తున్నవ్? రాయి గిట్ల వంకర పెట్టిన్నా?" అంది స్వరాజ్యం.

"ఏం లేదు. మంచిగనే ఉన్నది," అన్నాడు, మొహం కిటికీ వైపు తిప్పుకుని.

ఆ తర్వాత అతను దొంగతనంగా ఏవేవో లెక్కపెడుతూనే ఉన్నాడు. మేడమెట్లు, ఎదురింటి కిటికీ కమ్మీలు, డబ్బాలోని కందిపప్పు గింజలు. ఏది లెక్కపెట్టినా రెండోసారికి మాట మార్చేది. రుచి పోయింది, వాసన పోయింది, అవి వస్తాయని డాక్టరు చెప్పాడు. లెక్క పోయిందని డాక్టరుకు చెబితే కదా అది వస్తుందో రాదో ఆయన చెప్పడానికి. అతనికి వచ్చిన విద్య అదొక్కటే. ఊపిరి అందని ఈ ఒంటితో మగ్గాలు నడపలేడు, మూటలు మోయలేడు. లెక్క పోతే ఇక తను దేనికి పనికొస్తాడో అతనికే తెలియలేదు.

జూన్ మొదటి వారంలో నర్సింగం ఫోన్ చేశాడు. ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా ఒకే బీముకు ముందొకరు వెనకొకరు. వరసకు బావామరుదులు, తగవులకు అన్నదమ్ముల కంటే ఎక్కువ.

"బావా, మగ్గాలు చాలూ అయినయి. ఎప్పుడొస్తవ్?" అన్నాడు నర్సింగం.

"జర కాళ్ళు గుంజుతున్నయిరా. ఇంకో వారం."

"నువ్వు బీమారి పడ్డంక ఒక బీము వేరేటోణ్ణి పట్టుకొని గుంజిన. ఆడు సుద్దగీతలు గీసీ గీసీ చట్రమంత తెల్లగ చేసిండు. ఆనితోని నా పానం మీదికొచ్చింది. నువ్వు రా బావా. నువ్వు ఆఖర్ల గుంజినసుంటిదే, అన్నే పోగుల బీము వస్తున్నది వచ్చే బేస్తవారం."

"సూద్దాంరా," అని రాజలింగం ఫోన్ పెట్టేశాడు.

విజేత బీఎస్సీ లెక్కలు రెండో సంవత్సరం. చిన్నప్పుడు మునిసిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో చదివి, పెద్దయ్యాక గుజరాతీ పిల్లలతో కలిసి అడాజన్ కాలేజీకి వెళ్ళింది. ఆ కాలేజీ ఇప్పుడు ఆమె అరచేతిలోని ఫోనులో ఉంది, అదీ సిగ్నల్ ఉన్నంతసేపే. పరీక్షలు ఉంటాయో ఉండవో తెలియక లెక్కల సారు పిల్లలకు ఒక పని అప్పజెప్పాడు. ప్రతి ఒక్కరూ తమ ఇంట్లోంచి ఒక పెద్ద అంకెను తెచ్చుకోవాలి, నాలుగు స్థానాలకు తగ్గకూడదు. దాని జాతకం రాయాలి. సరా బేసా, ఏవేవి దాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి, అవన్నీ కూడితే ఎంత, చివరికి ఆ అంకె ఏ జాతిది.

"అందరు బండి నంబర్లు, ఫోన్ నంబర్లు తీసుకున్నరు బాపు. బోరింగ్. నువ్వు లాస్ట్ గుంజిన బీములో ఎన్ని పోగులు?" అని అడిగింది విజేత.

"ఆరువేల నూట ఇరవై ఎనిమిది," అన్నాడు రాజలింగం. అది అడగ్గానే వచ్చింది, పాత అంకె కాబట్టి. పాతవి పోలేదు.

"దాన్ని ఎన్ని తీర్ల పంచొచ్చు?"

ఇదీ అతనికి కొత్త కాదు. బీము వచ్చిన రోజున ఏ లెక్కన గుత్తులు కడితే చివరికి పోగు మిగలకుండా సరిపోతుందో చూసుకోవడం అతని అలవాటు. "రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. పదహారుతోని కడితే మూడువందల ఎనభై మూడు గుత్తులు. ఇగ ఈ మూడువందల ఎనభై మూడున్నది సూడు, మొండిది. ఎట్ల పంచినా పగలది. అందుకే బువ్వకు లేసేటప్పుడు నాకూ నర్సింగానికీ రోజూ లొల్లే. పొద్దటిపూట సగం కట్టి లేద్దామంటే నూట తొంభై ఒకటా, నూట తొంభై రెండా అని."

విజేత నవ్వుతూ రాసుకుంది. 383 ప్రధాన సంఖ్య. ఆ తర్వాత దాని రెట్టింపులు, 766, 1532, 3064. "ఎనిమిది వచ్చినయి. ఒకటి మరిచిపోయినవ్ బాపు."

"ఏది?"

"ఒకటే. అంకె ఒకటి. అది కూడా భాగిస్తది గదా."

"ఒక్క పోగును గుత్తి అంటరా ఎవలన్న?" అన్నాడు రాజలింగం చిరాగ్గా. "బీము మొత్తం కలిపి గుత్తి అనం, ఒక్క పోగునూ గుత్తి అనం. నడుమల ఉన్నయే గుత్తులు."

"మీ కార్ఖానల అనరు. లెక్కల అంటరు," అంది విజేత, మునివేళ్ళతో ఫోను మీద కూడుతూ. "నీ ఎనిమిదీ కూడితే ఐదువేల ఏడువందల డెబ్భై ఐదు. ఒకటి కలిపితే డెబ్భై ఆరు. ఇప్పుడు చూడు. ఈ మొత్తం మన అంకెతో సమానమైతే అది పరిపూర్ణ సంఖ్య. ఎక్కువైతే అధిక సంఖ్య. మనది మూడువందల యాభై రెండు తక్కువబడ్డది. అంటే న్యూన సంఖ్య."

"న్యూన అంటే?"

"తక్కువబడ్డ అంకె. తన ముక్కలన్నీ కలిపినా తనంత కాలేదు."

పిల్ల మామూలుగానే అంది. రాజలింగానికి మాత్రం ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అతనికి కోపం కూడా వచ్చింది, అంకె మీదో, సారు మీదో, తన మీదో తెలియలేదు. లేచి గది ముందున్న గ్యాలరీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

అక్కడ నిలబడ్డప్పుడే అతనికి పట్టుదల పుట్టింది. కూతురు ఒకటి కలపకముందు వచ్చిన అంకె, ఐదువేల ఏడువందల డెబ్భై ఐదు, తలలో తిరుగుతోంది. ఇది కొత్తది. ఎప్పుడూ లాగని బీము. దీన్ని ఎన్ని రకాల గుత్తులుగా కట్టొచ్చో ఎవరి సాయమూ లేకుండా తేల్చగలిగితే తల బాగున్నట్టు. తేల్చలేకపోతే నర్సింగానికి ఫోన్ చేసి వేరే మనిషిని చూసుకొమ్మని చెప్పేయాలి. గురువారానికి ఇంకా ఐదు రోజులుంది. తనకు తనే పరీక్ష పెట్టుకున్నాడు.

మధ్యాహ్నాలు స్వరాజ్యం రాళ్ళతో, విజేత ఫోనుతో ఉన్నప్పుడు, రాజలింగం చీరల పెట్టెలోంచి తీసిన అట్ట ముక్క, పిల్ల పారేసిన పెన్సిలు పట్టుకుని గ్యాలరీలో చాప మీద కూర్చునేవాడు. ఫోనులో భాగించుకోవచ్చని అతనికి తెలియక కాదు. అప్పుడు అది ఫోనుకు పరీక్ష అవుతుంది కానీ తనకు కాదు.

రెండుతో నిశ్శేషంగా పోదు, చివర ఐదు ఉంది కాబట్టి. మూడు పోతుంది, పందొమ్మిదివందల ఇరవై ఐదు గుత్తులు. నాలుగు పోదు. ఐదు పోతుంది, పదకొండువందల యాభై ఐదు. ఏడు దగ్గర తడబడ్డాడు. మధ్యలో శేషం ఎంతో మరిచిపోయి మళ్ళీ మొదటికి వచ్చాడు, మళ్ళీ మరిచిపోయాడు. చొక్కా తడిసిపోయింది. మొదటి మధ్యాహ్నమంతా ఏడు దగ్గరే కూర్చున్నాడు. సాయంత్రం నీళ్ళు పట్టే వేళకు ఎనిమిదివందల ఇరవై ఐదు అని తేలింది. అట్ట మీద రాశాక అది పోకుండా చేత్తో కప్పి పట్టుకున్నాడు, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

రెండో రోజు పదకొండు, పదిహేను, ఇరవై ఒకటి దొరికాయి. మూడో రోజు ఇరవై ఐదు, ముప్పై మూడు, ముప్పై ఐదు. పోనివాటిని కూడా వదల్లేదు. పదమూడు పోదని, పదిహేడు పోదని, ఒక్కొక్కదాన్నీ భాగించి చూసి కొట్టేశాడు. నాలుగో రోజు యాభై ఐదు, డెబ్భై ఐదు. డెబ్భై ఆరు దాటితే ముందు వచ్చినవే తిరగేసుకుని వస్తాయని అతనికి పని వల్ల తెలుసు. గుత్తికి ఎన్ని పోగులు, మొత్తం ఎన్ని గుత్తులు, రెండూ జంటగా రాసుకుంటే అట్ట మీద పదకొండు జంటలు నిలిచాయి. ఇరవై రెండు అంకెలు. ఒకటిని ఎప్పటిలాగే లెక్కలోకి తీసుకోలేదు. కూతురు చెప్పింది గుర్తుంది, అయినా చెయ్యి ఒప్పుకోలేదు.

ఇక కూడటం మిగిలింది. అంకె కింద అంకె పేర్చి, చేతికి మిగిలినవి పక్కన రాసుకుంటూ కూడాడు. అడుగున వచ్చిన మొత్తాన్ని పైకి చదివాడు.

ఆరువేల నూట ఇరవై ఎనిమిది.

పాత బీము. కొత్త అంకెతో మొదలుపెట్టి నాలుగు రోజులు తిరిగితే, తల తీసుకెళ్ళి పాత బీము దగ్గరే దింపింది. గింజలు లెక్కపెడుతూ దారి తప్పినప్పుడల్లా ఇలాగే వెనక్కి వచ్చి పడేవాడు. తనకు తెలిసిన పాత అంకెను తల ఎక్కడినుంచో లాక్కొచ్చి కింద రాయించేసిందని అనుకున్నాడు. మళ్ళీ కూడాడు, ఈసారి కింది నుంచి పైకి. ఆరువేల నూట ఇరవై ఎనిమిది. అట్ట తిరగేసి, జంటలు జంటలుగా విడగొట్టి కూడాడు. అదే. చేతిలోంచి పెన్సిలు జారి మూడు అంతస్తుల కిందికి పడిపోయింది. పోయింది, ఇక అయిపోయింది అనుకున్నాడు. ఏడుపు ఆపుకోవడం అతని వల్ల కాలేదు.

విజేత క్లాసు మధ్యలో ఫోను పక్కన పడేసి వచ్చింది. "ఏమైంది బాపు? ఆయాసమా?"

"లెక్క పోయింది బిడ్డా," అన్నాడు. ఒకసారి నోరు విప్పాక అంతా బయటికి వచ్చింది. రాళ్ళు, మెట్లు, కందిపప్పు, నర్సింగం ఫోను, అన్నీ చెప్పాడు. "నా తలకాయ పాడైంది. ఏది కూడినా పాతదే వస్తున్నది. మీ అమ్మకు చెప్పకు."

"అమ్మ ఈడనే ఉన్నది," అంది స్వరాజ్యం గుమ్మంలోంచి. ఆమె వేళ్ళకు ఇంకా జిగురు అంటుకుని ఉంది. "కందిపప్పు డబ్బ దినాం ఎవలు ఒలకబోస్తున్నరో నాకెర్కనే. నువ్వు చెప్తవని సూస్తున్న." ఆ మాట అని వచ్చి అతని పక్కన చాప మీద కూర్చుంది, అరచేతి వెనకవైపుతో అతని వీపు నిమిరింది.

విజేత అట్ట తీసుకుంది. ముందు పదకొండు జంటలనూ ఒక్కొక్కటిగా ఫోనులో గుణించి చూసింది. తర్వాత ఇరవై రెండూ కూడింది. కూడి తండ్రి వైపు చూసింది.

"బాపు, నువ్వు ఎన్నిసార్లు కూడినవ్?"

"మూడుసార్లు."

"మూడుసార్లూ ఒక్కటే వచ్చిందా?"

"ఒక్కటే వచ్చింది. గదే గదా చెప్తున్న."

"అమ్మ చీర మీద రాళ్ళు మూడుసార్లు లెక్కపెడితే మూడు తీర్ల వచ్చినయి, అందుకు భయపడ్డవ్. ఇది మూడుసార్లు ఒక్క తీరుగనే వచ్చింది, దీనికీ భయపడ్డవ్. ఇగ నీకు ఎట్ల రావాలె బాపు?"

రాజలింగం ఆమె మొహంలోకి చూశాడు. లెక్క రాజలింగం అని పేరు పడ్డ మనిషికి, మూడుసార్లు ఒకే జవాబు వస్తే దాన్నేమంటారో ఇరవై ఏళ్ళ పిల్ల చెప్పాల్సి వచ్చింది.

"అంటే కరెక్టేనా?"

"వందకు వంద కరెక్టు. ఒక్క తప్పు లేదు. నేను కూడా ఇన్ని కారణాంకాలు చేత్తో తియ్యలేను." ఆమె అట్టకు ఫోటో తీసింది. "కానీ ఇట్ల ఎందుకొచ్చిందో నాకు తెల్వదు. దీని గుత్తులు కూడితే అది, దాని గుత్తులు కూడితే ఇది. సార్‌ను అడుగుత."

సారు జవాబు మర్నాడు వచ్చింది, అదీ గొంతు రికార్డు చేసి, ఆరు నిమిషాల పాటు. గుజరాతీలో ఉంది. సగం రాజలింగానికే అర్థమైంది, మిగతా సగం విజేత చెప్పింది.

"సార్ మస్త్ ఖుష్ అయిండు బాపు. ఇసొంటి జంటలు ఉన్నయంట, కానీ చాన తక్కువంట. అన్నిట్ల చిన్నది నలభై ఎనిమిది, డెబ్భై ఐదు. పదివేల లోపల ఆరంటే ఆరే జంటలు, మనది ఆరోది. లెక్కలోళ్ళు వీటికి పెండ్లి ఖాయమైన జంటలని పేరు పెట్టిండ్రు. షర్తు ఏందంటే, ఒకటినీ కలపొద్దు, మొత్తం అంకెనూ కలపొద్దు. నడుమల ఉన్నయే కూడాలె. మామూలుగ మాలాంటోళ్ళు ఒకటి కలుపుతరు, అందుకే మాకు కనబడది. మీ బాపు ఒకటిని ఎందుకు ఇడిచిపెట్టిండని అడిగిండు సార్."

"ఏం చెప్పినవ్?"

"ఒక్క పోగును గుత్తి అనరని చెప్పిన. నా అసైన్‌మెంట్‌ల గదే రాయమన్నడు."

రాజలింగం అట్ట వైపు చూపించాడు. "ఇది ఇంతకుముందే ఎవలకన్న దొరికిందా?"

"ఎప్పుడో దొరికింది బాపు. పుస్తకాల ఉన్నది." విజేత కాస్త జంకుతూ చెప్పింది, తండ్రి చిన్నబుచ్చుకుంటాడేమోనని.

అతను చిన్నబుచ్చుకోలేదు. మంచం మీద వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. తనకు తెలియకుండా, తనను ఎరగని మనుషులెవరో, ఎక్కడో కూర్చుని అవే ఇరవై రెండు కూడి అదే మొత్తం దగ్గరికి వచ్చారు. తన తల కల్పించింది కాదన్నమాట. నెలన్నర తర్వాత అతనికి ఆకలి వేసింది, ఆ సంగతి స్వరాజ్యానికి చెప్పాడు కూడా.

గురువారం పొద్దున కార్ఖానాకు వెళ్ళాడు. మెట్లెక్కి పైకి చేరేసరికి ఆయాసంతో గోడ పట్టుకోవాల్సి వచ్చింది. బీము మగ్గం వెనక ఎక్కించి ఉంది, పోగులన్నీ తెల్లగా దించి ఉన్నాయి. నర్సింగం అప్పటికే తన పీట మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మూతులకూ మాస్కులు. మనిషి చిక్కిపోవడం చూసి నర్సింగం లేచి అతని పీట దగ్గరికి జరిపాడు.

"నర్సింగం, నీకొకటి చెప్పాలె," అన్నాడు రాజలింగం కూర్చుంటూ. "బీమారి తర్వాత నాకు లెక్క జారుతున్నది. ఇప్పుడు జర నయమైంది. కానీ గ్యారంటీ లేదు. తప్పితే తప్పొచ్చు."

నర్సింగం పోగులు సర్దుతున్న చెయ్యి ఆపలేదు. "కూసో బావా, కూసో. షురూ చేద్దాం," అన్నాడు.

మొదలుపెట్టారు. ఎప్పటిలా ముచ్చట్లు చెప్పలేదు రాజలింగం. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు, ముప్పై రెండేళ్ళలో మొదటిసారి. చేతులకు మాత్రం ఏ రోగమూ రాలేదు, కొక్కెం దానంతటదే కంట్లోకి పోయి పోగును పట్టుకొచ్చేది. భోజనాల వేళకు డెబ్భై గుత్తులు. ఇదివరకైతే నూట తొంభై అయ్యేవి. సాయంత్రానికి నూట ముప్పై. ఇంటికి పోయి ఆ అంకెను తలలో పెట్టుకునే పడుకున్నాడు, తెల్లారి లేచేసరికి అది అక్కడే ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం, సేటు మనుషులు ఎవరో గట్టిగా మాట్లాడుకుంటూ పక్కనుంచి వెళ్ళారు. రాజలింగం తల తిప్పి చూశాడు. తిరిగి తీగల వైపు చూసేసరికి లోపల ఖాళీ. రెండువందల నాలుగా, ఐదా? కొక్కెం పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెనక నర్సింగం పోగు పట్టుకుని అందివ్వడానికి చూస్తున్నాడు.

"ఆగు," అన్నాడు రాజలింగం.

కట్టిన గుత్తులను మొదటినుంచి ఒక్కొక్కటిగా తాకుతూ లెక్కపెట్టాడు. రెండువందల నాలుగు. నుదుటి చెమట తుడుచుకుని, ఈసారి ఇటు చివరినుంచి అటు వెళ్ళాడు. రెండువందల నాలుగు. ఇంకా కట్టని రెండువందల ఐదో గుత్తిలో పోగులు చూశాడు, తొమ్మిది. మళ్ళీ చూశాడు, తొమ్మిదే. చీర మీది రాళ్ళలా మాట మార్చలేదు. అతనికి చెప్పలేనంత ధైర్యం వచ్చింది. సుద్దగీతలు గీయనందుకు గర్వపడ్డ మనిషికి, తప్పిన చోట ఆగి రెండుసార్లు చూసుకోవడం కూడా లెక్కేనని యాభై రెండేళ్ళకు తెలిసింది.

"తే, పదోది," అన్నాడు.

నర్సింగం అందించాడు.

మూడో రోజు నాలుగింటికి మూడువందల ఎనభై మూడో గుత్తిలోకి వచ్చారు. ఈ పనిలో తప్పొప్పులు తేల్చేది సేటు కాదు, ఆఖరి పోగు. లెక్క సరైతే ఆఖరి పోగుకు ఆఖరి కన్ను దొరుకుతుంది. ఎక్కడైనా తప్పితే ఇటు ఒక కన్ను ఖాళీగా నిలుస్తుంది, లేదా అటు ఒక పోగు దిక్కులేకుండా మిగులుతుంది. రాజలింగం తీగల వైపే చూస్తున్నాడు కానీ ముందున్న కళ్ళు ఎన్ని మిగిలాయో చూడటానికి ధైర్యం చెయ్యలేదు. పద్నాలుగు. పదిహేను. పదహారు లాగాడు. గుత్తి ముడి వేశాడు. కొక్కేన్ని మళ్ళీ ముందుకు చాచాడు. అది దూరడానికి కన్ను లేదు.

"నర్సింగం, నీ చేతిల పోగున్నదా?"

"లేదు బావా. ఒడిసినయి."

కొక్కెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు రాజలింగం. ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు. ఒక్క కన్ను ఖాళీగా లేదు. ఫోన్ తీసి విజేతకు చేశాడు, "సరిపోయినయి బిడ్డా, అన్నీ సరిపోయినయి" అని చెప్పాడు. అవతలినుంచి ఆమె స్వరాజ్యానికి చెబుతున్న మాట, స్వరాజ్యం గొంతు, రెండూ కలిసిపోయి ఏవీ సరిగా వినిపించలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నర్సింగం వెనకనుంచి లేచి, నడుము రెండుచేతులతో పట్టుకుని ముందుకు వచ్చాడు.

"ఒరే, నేను తప్పొచ్చని ముందే చెప్పిన గదా," అన్నాడు రాజలింగం. "నువ్వన్న సుద్దగీతలు గీసుకున్నవా వెనక?"

"లేదు."

"మనసులన్న లెక్కపెట్టినవా?"

"నాకు లెక్కెక్కడ వస్తది బావా. ఇరవై రెండేండ్ల సంది నీ మీదనే ఇడిసిపెట్టిన."

"మరి తప్పితే? ఆఖరికి పోగు మిగిలితే ఏం చేద్దువు?"

నర్సింగం మాస్కు కిందికి లాగి మొహం తుడుచుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు అతను మూడు రోజుల కిందటే ఆలోచించి పెట్టుకున్నట్టున్నాడు, తడుముకోకుండా చెప్పాడు. "ఏం చేస్త? అన్నీ ఊడబీకి మల్ల మొదటినుంచి అందిస్తుంటి. నువ్వు మల్ల గుంజుతుంటివి. సరిపోయేదాక."

"ఆరువేల నూట ఇరవై ఎనిమిదీ?"

"ఆరువేల నూట ఇరవై ఎనిమిదీ," అన్నాడు నర్సింగం.